గండికోట దగ్గర మళ్ళీ ‘కోట’ ఎందుకు?

సందేహం: సంక్రాంతి సెలవుల్లో మనవలను తీసుకుని గండికోట వెళ్ళాను. దారిలో ఒక బోర్డు మీద ‘గండికోట కోట’ అని రాసి ఉంది. గండికోటలోనే కోట ఉంది కదా, మళ్ళీ కోట ఏమిటని మనవరాలు ఒకటే నవ్వు. అక్కడ మొదలైన మాట ఇల్లు చేరేదాకా ఆగలేదు. కోట తెలుగు మాటా, సంస్కృతమా? కోట అన్నా దుర్గం అన్నా ఒకటేనా? ఒకటే అయితే రాయదుర్గాన్ని రాయకోట అనొచ్చా? మా వియ్యంకుడుగారిది తెలంగాణ. ‘మా వైపు ఖిల్లా అంటాం, గడి అంటాం’ అన్నారు. వాటి సంగతేమిటి? ఇంకొక్కటి. పేపర్లో రాసే ‘కంచుకోట’లో కంచు ఎక్కడిది? అది ‘కంచె కోట’ కాదు కదా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ మనవరాలి నవ్వు న్యాయమైనదే. అలాగని బోర్డు రాసినాయన్ని మరీ తిట్టుకోకండి. ఊరి పేరులో కలిసిపోయిన మాట కొన్నాళ్ళకు తన అర్థం తాను చెప్పడం మానేస్తుంది. శ్రీహరికోట అంటే మనకు రాకెట్ గుర్తొస్తుంది, కోట రాదు. సామర్లకోటలో రైలు ఆగితే కోట ఎక్కడా అని కిటికీలోంచి ఎవరూ తొంగిచూడరు. ‘తిరుమల కొండ ఎక్కాం’ అని మనమందరం అంటాం. మల అంటేనే కొండ. ఆ మాటకొస్తే గండికోట ఉన్నది ఎర్రమల కొండల్లో. అక్కడా మల ఉంది, కొండ ఉంది. దాన్ని చూసి మీ మనవరాలు నవ్వలేదు, నేనూ నవ్వను. ఊరిని కాదు, కట్టడాన్ని చూపిస్తున్నానని చెప్పాలనుకున్నవాడు ఇంకో కోట తగిలించాడు, అంతే. నన్నడిగితే తెలుగు బోర్డు మీద ‘గండికోట’ చాలు. బయటి రాష్ట్రాలవాళ్ళ కోసం రాసే బోర్డు మీద ‘గండికోట ఫోర్ట్’ అని ఉన్నా ఫరవాలేదు, వాళ్ళకు మన ‘కోట’ వినపడదు కాబట్టి.

ఇక అసలు ప్రశ్న. కోట అచ్చంగా మన మాటే. మన ఒక్కరిదే కాదు, మన అక్కచెల్లెళ్ళ భాషలన్నిటిదీ. తమిళంలో కోట్టై, మలయాళంలో కోట్ట, కన్నడంలో, తుళులో కోటె. పుదుక్కోట్టై, కోట్టయం పేర్లలో ఉన్నది ఇదే. కోట్టయం అంటే కోట లోపలి చోటు. కొడగువాళ్ళ భాషలో ఇదే మాటకు రాజభవనం అని అర్థం. నీలగిరుల్లో ఉండే తొదలకు ఇంకా చిత్రం: వాళ్ళ భాషలో ఈ మాటకు బంగళా అని అర్థం. గేదెలు మేపుకుంటూ వెదురుతో, గడ్డితో సగం పీపాలాంటి గుడిసెలు కట్టుకునే ఆ జనానికి దొరల బంగళా కోటలాగే కనపడి ఉంటుంది మరి.

తమిళంలో ట్ట ఉంటే మనకు ఒంటి ట ఎందుకు వచ్చిందని మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. దీర్ఘం తరవాత వచ్చే జంట హల్లును తెలుగు ఒంటి హల్లు చేసేసింది. తమిళుల ఆట్టం మనకు ఆట. పాట్టు పాట, వేట్టై వేట, తోట్టం తోట, మూట్టై మూట. కోట పక్కనే ఉండే పేట కూడా అంతే, అక్కడ పేట్టై. రాజూ, సైన్యమూ ఉండేది కోట, షావుకార్లూ చేతిపనులవాళ్ళూ గోడ బయట కాపురముండేది పేట. మన పాత శాసనాల్లో ‘కోట్ట’ అన్న రూపం కూడా దొరుకుతుంది. అంటే ఒకప్పుడు మనమూ నొక్కి పలికినవాళ్ళమే.

అయితే సంస్కృతంలో కూడా ‘కోట్ట’ ఉందే అని పండితులెవరైనా అడ్డుకోవచ్చు. ఉంది. దానికి సంస్కృతంలో ఒప్పించే ధాతువు దొరకదు. దక్షిణాదిలో చూస్తే రాజుల భాషల దగ్గర్నుంచి కొండజనం భాషలదాకా ఇది పాకి ఉంది. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో (మొదటి కూర్పు 1961, రెండోది 1984) దీన్ని ద్రావిడపదంగానే చేర్చి, సంస్కృత కోట్టను పక్కన చూపించారు. మన దగ్గర్నుంచి అటు వెళ్ళిందన్నదే నాకూ సబబుగా తోస్తుంది. తమిళంలో ‘కోడు’ అంటే వంగడం. చుట్టూ వంగి తిరిగివచ్చే గోడ కనుక కోట అయిందని కొందరు ఇంకో మెట్టు ఎక్కుతారు. వినడానికి బాగుంది గానీ, ఆ మెట్టు మీద నేను బరువు వెయ్యను.

మాట అటు వెళ్ళి ఊరుకోలేదు. రాజ్‌కోట్, పఠాన్‌కోట్, సరిహద్దు దాటితే సియాల్‌కోట్, అక్కడిదాకా నడిచింది. కోటను కాపాడే అధికారిని సంస్కృతంలో కోట్టపాలుడు అన్నారు. ఆ మాటే నలిగి నలిగి కొత్వాల్ అయింది. సుల్తానుల కచేరీల్లో, మొఘలుల కచేరీల్లో నానిన తరవాత నగర పోలీసు అధికారి హోదాగా దక్కనుకు వచ్చింది. నిజాం కాలంలో హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పేరు ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది. ‘కొత్వాల్’ ఉర్దూ మాట అని ఎవరైనా అంటే, అవును, కానీ దాని పుట్టిల్లు ఇక్కడే అని చెప్పండి. మనం పంపిన కోట పేరు మార్చుకుని, లాఠీ పట్టుకుని తిరిగి వచ్చింది.

దుర్గం మాత్రం నిఖార్సైన సంస్కృతం. దుర్ అంటే కష్టం. గ అంటే వెళ్ళడం. వెళ్ళడానికి కష్టమైన చోటు దుర్గం. ‘మార్గం సుగమమైంది’ అని పేపర్లో చదువుతారు చూడండి, దానికి ఎదురుమాట దుర్గమం. దుర్గం వాటికి దగ్గరి చుట్టం. దుర్గమ్మ పేరు కూడా ఈ కుటుంబంలోదే. చేరశక్యం కానిది అని ఒకరు, కష్టాల్లోంచి దాటించేది అని ఒకరు అర్థం చెబుతారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, దుర్గం అన్న మాటలో గోడ లేదు, రాయి లేదు, సున్నం లేదు. కౌటిల్యుడు దుర్గాలు నాలుగు రకాలన్నాడు: నీరు, కొండ, ఎడారి, అడవి. ఒక్కటైనా తాపీమేస్త్రీ పనిలా వినిపించదు. మనుస్మృతి ఏడో అధ్యాయంలో ఆరు చెప్పారు. అందులో నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉండేది నృదుర్గం. అంటే మనుషుల దుర్గం. చుట్టూ సైన్యం నిలబడితే అదే దుర్గం, ఇటుక ఒక్కటి పెట్టకపోయినా సరే. గట్టి గోడ కట్టుకున్న మహీదుర్గం ఆ ఆరింటిలో ఒకటి మాత్రమే. అంటే మన కోట వాళ్ళ లెక్కలో దుర్గాల్లో ఒక రకం. గెలవడానికి వచ్చినవాడు కొండ కింద నిలబడి, తల పైకెత్తి, చెమట తుడుచుకుంటూ పెట్టిన పేరు దుర్గం. లోపలివాడు తను కట్టుకున్న గోడను చూసుకుని పెట్టుకున్న పేరు కోట.

ఈ తేడా కళ్ళతో చూడాలంటే మీరు వెళ్ళివచ్చిన చోటే చాలు. ఊరి వైపు నుంచి లోపలికి వెళ్ళేటప్పుడు ఎత్తైన ప్రాకారం, బురుజులు, ఇనపమేకులు దిగగొట్టిన పెద్ద తలుపులు తగిలాయి కదా? ఏనుగులతో తలుపులు పొడిపించే కాలం అది. మేకులు అందుకు. అదంతా కోట. లోపల నడుచుకుంటూ ఉత్తరం చివరికి పోతే, పిల్లల చెయ్యి వదలకుండా పట్టుకుని నిలబడ్డ ఆ బండల దగ్గర కింద పెన్న కనపడింది కదా? దాదాపు 300 అడుగుల లోయ. అటునుంచి ఎక్కివచ్చే సైన్యం ఏది? అది దుర్గం. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ చోటికి గోడ సగం కాపలా, నది సగం కాపలా. ఊరి పేరులోని గండి కూడా ఆ లోయే. చెరువుకు గండి పడిందంటామే, అదే గండి. ఎర్రమల కొండకు పెన్న కొట్టిన గండి పక్కన కట్టిన కోట కాబట్టి గండికోట. పేరు పెట్టినవాడు నదిని మర్చిపోలేదు.

కోట అంటే రాతికట్టడమే అనుకోవడం ఇంకో పొరపాటు. ఓరుగల్లులో రాతికోట చుట్టూ మట్టికోట ఉంది, ఇప్పటికీ దాని కట్ట కనపడుతుంది. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ముట్టడించినప్పటి సంగతి రాస్తూ అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడను ఎంత మెచ్చుకున్నాడో! ఉక్కు బల్లెం అందులో దిగదట, యంత్రంతో విసిరిన గుండు పిల్లలు ఆడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి పడుతుందట. గెలిచినవాళ్ళ కవి రాసిన మాట ఇది. ప్రతాపరుద్రుడు చివరికి సంధి చేసుకోవలసి వచ్చింది, అది వేరే కథ. చదును నేల మీద మట్టి పోసి నిలిపిన ఆ కట్టడాన్ని కోట అనడమే సరి. రాయలసీమలో కొండ మీద కూర్చున్నదానికి రాయదుర్గం అని పేరు రావడం కూడా సహజంగానే ఉంది. అయితే దీన్ని సూత్రం చేసి అప్పగించను. పేర్లు సూత్రాలు వినవు. కొండమీది కోటల్లో చాలావాటికి కోటా లేదు, దుర్గమూ లేదు, కొండే పేరు: పెనుకొండ, దేవరకొండ, రాచకొండ, గోల్కొండ. సంస్కృతం మీద మోజున్నచోట అదే గిరి అయింది: ఉదయగిరి, చంద్రగిరి, భువనగిరి.

రాయదుర్గాన్ని రాయకోట అనొచ్చా అన్నారు. మామూలు మాటల్లో కోటకు బదులు దుర్గం, దుర్గానికి బదులు కోట వాడుకోవచ్చు, ఇప్పుడు ఎవరికీ ఆ పాత తేడా పట్టింపు లేదు. ఊళ్ళ పేర్లలో మాత్రం కుదరదు. పైగా రాయకోట అని వేరే ఊరు నిజంగానే ఉంది, తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో. వాళ్ళు రాయకోట్టై అంటారు. చిరునామాలో రాయకోట అని రాస్తే మీ ఉత్తరం అక్కడికి పోతుంది. ఇక హైదరాబాదులో మెట్రో దిగే రాయదుర్గం మరొకటి. దాని దగ్గర్లోని దుర్గం చెరువు పేరులో ఉన్న దుర్గం గోల్కొండ. ఆ కోటకు మంచినీళ్ళు అందించిన చెరువు అది. ఇప్పుడు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీలు దిగే పిల్లల్లో ఎందరికి ఆ దుర్గం ఏదో తెలుసు? చెప్పి చూడండి, ఎవరో దుర్గ అనే అమ్మాయి పేరు అనుకుంటారు. నాకు ఎదురైంది కాబట్టే రాస్తున్నాను.

మీ వియ్యంకుడుగారి మాటలకు వద్దాం. ఖిల్లా అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. అర్థం కోటే, తేడా లేదు. తేడా అంతా ఎవరి పాలనలో ఎక్కువకాలం ఉన్నామన్నదే. ఖమ్మం ఖిల్లా, ఎలగందుల ఖిల్లా అంటారు. కాకతీయులు కట్టిన ఓరుగల్లు కోట ఉన్న మండలం పేరే ఖిలా వరంగల్. కట్టినవాళ్ళు ఈ మాట వినే ఉండరు! ఖిల్లాను తీసేసి కోట అని మార్చాలని ఒక్కోసారి ఎవరో ఒకరు అంటుంటారు. నాకది వృథా ప్రయాస అనిపిస్తుంది. ఏడు వందల ఏళ్ళ చరిత్ర మాటలోనే దొరుకుతుంటే చెరిపేసుకోవడం ఎందుకు?

గోల్కొండలో ఇంకో మాట ఉంది, హిసార్. అదీ కోటే. బాలా హిసార్ అంటే పైకోట. అక్కడ ‘బాలా’ ఫారసీ, పై అని అర్థం. ఒకసారి గైడు ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టి, ఈ చప్పుడు పైన బాలా హిసార్‌లో వినపడుతుందని చెబుతుంటే, నా పక్కనున్న పెద్దాయన తన భార్యతో ‘అంటే పైన చిన్నపిల్లలు ఉండేవాళ్ళన్నమాట’ అన్నాడు. సంస్కృత బాల అడ్డం వచ్చింది పాపం. నేను కల్పించుకుని చెప్పాను. ఆయనకు నచ్చినట్టు లేదు.

గడి కథ కొంచెం చిక్కు. తెలుగులో గడి అంటే ఎల్ల, హద్దు అని పాత అర్థం. చదరంగం గడి, గళ్ళచీర, గళ్ళనుడికట్టు, అన్నీ ఆ హద్దులోంచి వచ్చినవే. తెలంగాణలో దొర ఉండే పెద్ద భవంతిని గడి అనడం మాత్రం వేరే మాట అని నా అభిప్రాయం. మరాఠీలో చిన్న కోటను, పటేలు ఉండే కోటలాంటి ఇంటిని గఢీ అంటారు. పొరుగునుంచి ఆ మాట ఇటు వచ్చి, ఒత్తు పోగొట్టుకుని మన గడిలో కలిసిపోయింది. అర్థాలు కలవలేదు, ధ్వని కలిసింది. చుట్టూ ఎత్తైన గోడ, మూలల్లో బురుజు, మధ్యలో ఇల్లు – చూపుకు కోటే. కానీ కోట అనగానే ముసలివాళ్ళ ముఖంలో కథ కనపడితే, గడి అనగానే వెట్టి కనపడుతుంది. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటం తరవాత ఆ మాటకు ఆ రంగు వదల్లేదు. అందుకే మీ వియ్యంకుడుగారు ఖిల్లా, గడి అని రెండూ కలిపి చెప్పినా, వాళ్ళ ఊళ్ళో ఎవరూ గోల్కొండను గడి అనరు, దొర ఇంటిని ఖిల్లా అనరు. అటు విజయనగరం వెళ్ళండి, కోట అనే మాటకు మళ్ళీ వేరే వాతావరణం. పైడితల్లమ్మ సిరిమాను గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. కోట ముందు నిలబడి చూశామని చెప్పుకోవడం అక్కడ పండగలో భాగం.

కోట చుట్టూ ఉన్న మాటల్లోనూ ఇలాంటి జంటలు ఉన్నాయి. బురుజు అరబ్బీ నుంచి వచ్చింది, దానికి మన పాతమాట కొత్తళం. ఇప్పుడు కొత్తళం పుస్తకాల్లో తప్ప వినపడదు. చుట్టూ తవ్విన నీటి కాలువకు అగడ్త, కందకం రెండూ అంటాం. అగడ్త మనది, తమిళంలో అగళ్ అంటే తవ్వడం. కందకం ఫారసీ కుటుంబంలోది, అక్కడ కందన్ అన్నా తవ్వడమే. రెండు దేశాలవాళ్ళూ పలుగు చేతపట్టే పేరు పెట్టారు. పెద్ద తలుపులో మనిషి ఒంగి దూరేంత చిన్న వాకిలిని దిడ్డి అంటారు. రాత్రివేళ కోట తలుపులు మూసేశాక వచ్చినవాడు ఆ దిడ్డిలోంచి తల ముందుపెట్టి రావాలి, కాపలావాడి కత్తికి అందేట్టుగా. అందులో మర్యాద ఏమీ లేదు, జాగ్రత్తే.

‘కోట’లాగా వినిపించేదల్లా కోట కాదని కూడా ఒక మాట. కోటప్పకొండలో కోట లేదు. అక్కడి స్వామి త్రికోటేశ్వరుడు, మూడు శిఖరాల కొండ, త్రికూటం. హైదరాబాదు కోఠి కూడా కోట కాదు. హిందీలో కోఠీ అంటే పెద్ద భవనం, అది కోష్ఠం అన్న సంస్కృతపు మాట నుంచి వచ్చింది.

ఇక కంచుకోట. ‘కంచె కోట’ కాదు. కంచె చివరి ఎకారం ఉకారం కావడానికి తెలుగులో దారి లేదు. కంచె వేసిన కోటైతే కంచెకోటే అవుతుంది. పైగా కోటకు ప్రాకారం ఉండగా కంచె దేనికి? ఇక్కడున్నది కంచు అనే లోహమే. సంస్కృతపు కాంస్యానికి తద్భవం. అలాగని కంచుతో కోట కట్టిన రాజు లేడు. ఉక్కుమనిషిలో ఉక్కు ఎంత ఉందో కంచుకోటలో కంచు అంత ఉంది. గట్టిదని చెప్పడానికి తెచ్చుకున్న లోహం. కంచుకంఠం అన్నప్పుడు కంచు మోతకు, కంచుకోట అన్నప్పుడు గట్టితనానికి. ఒక నియోజకవర్గంలో నాలుగుసార్లు ఒకే పార్టీ గెలిస్తే పేపర్లవాళ్ళకు అది కంచుకోట. నిజానికి వాళ్ళు చెప్పదలుచుకున్నది వేరేవాడు లోపలికి రాలేడని. అంటే వాళ్ళకు కావలసిన మాట దుర్గం.

ఐదోసారి ఓడిపోతే మాత్రం మర్నాడు హెడ్డింగు సిద్ధంగా ఉంటుంది: ‘కంచుకోటకు బీటలు’. బీటలు వారేది ఎండిన చెరువు, పాతబడ్డ మట్టిగోడ. కంచు బీటలు వారదు, దెబ్బ తగిలితే ఖంగుమని పగులుతుంది. కోట, బీట అని సబ్ ఎడిటర్‌కు ప్రాస కుదిరింది, కంచు సంగతి ఎవరికి పట్టింది? మట్టికోట అని రాస్తే బీటలు చక్కగా సరిపోతాయి గానీ, ఏ నాయకుడు ఒప్పుకుంటాడు?